సిమెంటు నింపిన బాదం చెట్టు

గదికో కుటుంబం ఉండే మా చాల్ వెనక ఉన్న బాదం చెట్టు లోపల కుళ్ళిపోయిందని అందరికన్నా ఏడాది ముందే నాకు తెలుసు. ఇది ఇప్పటివరకూ ఎవరికీ చెప్పలేదు. తాత సూటిగా అడిగినప్పుడు కూడా అబద్ధమే చెప్పాను.

ఆ మధ్యాహ్నం వాన కాస్త తెరిపిచ్చింది. నేను ఫోరస్ రోడ్డులో ఒక బైండింగ్ దుకాణంలో పనిచేస్తాను. పుస్తకాల వీపులు కుట్టే పొడవాటి సూది ఒకటి పొరపాటున నా సంచిలో ఇంటికొచ్చింది. చెట్టు మొదట్లో, తాత ఎప్పుడో పూసిన సిమెంటు అంచున, తెల్లటి పుట్టగొడుగులు చెవుల్లా వరసగా లేచి ఉన్నాయి. వాటిని గిల్లేశాను. కింద చెక్క తడిసిన అట్టలా కనిపించింది. ఊరికే, ఏమవుతుందో చూద్దామని, సూది మొన పెట్టాను. నొక్కనవసరం లేకపోయింది. జానెడు సూది కన్ను దాకా లోపలికి వెళ్ళిపోయింది. బయటికి లాగితే దాని వెంట నల్లటి నీళ్ళు వచ్చాయి. పాత గోనెసంచి వాసన.

చెట్టుకు అటువైపు, మాను చుట్టూ ఉన్న సిమెంటు కట్ట మీద, తాత మానుకే వీపు ఆనించి కునుకు తీస్తున్నాడు. ఆయన వీపుకూ నా సూదికీ మధ్య ఆ మాను ఒక్కటే ఉంది.

నేనేం చేశానంటే, తడి మట్టి తీసి ఆ బెజ్జంలో అద్ది, వేలితో సమం చేశాను. పుట్టగొడుగుల్ని కాగితంలో చుట్టి చెత్త డబ్బాలో వేశాను. చేతులు కడుక్కుని, పైకి వెళ్ళి, డైరీలో తేదీ రాసి, దాని కింద ఏమీ రాయకుండా మూసేశాను.

మా ముత్తాత పాలమూరు నుంచి రాళ్ళు మోయడానికి ఈ ఊరొచ్చాడట. తాత మేస్త్రీ అయ్యాడు. నాన్న ఒక ఆఫీసులో లిఫ్టు నడుపుతాడు. మా ఇంట్లో తాపీ పట్టిన ఆఖరి చెయ్యి తాతదే. కామాటిపురలోని ఈ సందులో మా చాల్‌కు ఎక్కడ పెచ్చు ఊడినా ఆయన్నే పిలిచేవారు. నన్ను చిన్నప్పుడు వెంట తీసుకెళ్ళి, తాపీ పిడితో గోడను తట్టి వినిపించేవాడు.

"ఇన్నవా? ఈడ గట్టిగుంది. ఇప్పుడు ఈడ ఇను. డొల్ల. డొల్లున్నకాడ మొత్తం కొట్టేసి మల్ల పూయాలె. పైపైన పూస్తె నాల్రోజులే."

నేను నోరెత్తని పిల్లనని అందరూ అనేవారు. తాత మాత్రం "దానికి చెవులు మంచిగున్నయి" అనేవాడు.

బాదం చెట్టు నేను పుట్టకముందే మొలిచింది. ఏ గబ్బిలమో తిని పారేసిన కాయ, చాల్ మొత్తానికి ఉన్న ఒకే నల్లా దగ్గర రెండు బండల సందులో పడి మొలకెత్తిందట. అందరూ పీకేయమంటే తాత ఒక బండ పగలగొట్టి దానికి చోటిచ్చాడు. పరంజికి వాడే వెదురు ముక్క పాతి కొబ్బరితాడుతో కట్టాడు. కుర్బానీ పండగకు ముందు నాగ్‌పాడా నుంచి తప్పించుకొచ్చే మేకలు రెండుసార్లు దాన్ని మోడు చేస్తే, ఇసుక జల్లెడ విప్పి చుట్టూ బిగించాడు. ఈ కథ తాత ఎన్నిసార్లు చెప్పాడో, మేకల రంగులతో సహా నాకు కంఠతా వచ్చు.

నాకు ఊహ తెలిసేసరికి అది రెండో అంతస్తు దాటింది. ఎండాకాలంలో బియ్యం కడిగిన నీళ్ళు పోయడం నా పని. ఏడాదికి రెండుసార్లు ఆకులు ఎర్రబడి, ఒక్కొక్కటి విస్తరంత, రోజంతా రాలేవి. కాయల కాలంలో సాయంత్రం గబ్బిలాలు వచ్చి పైతోలు నమిలి, గింజను రేకుల కప్పు మీద వదిలేసేవి. టక్, టక్. పొద్దున్నే ఏరి ఎండబెట్టేదాన్ని. ఆ పెంకు రాయితో కొడితే పప్పు నుజ్జయ్యేది. తాత మాత్రం ఇటుకలు కోసే సుత్తితో, గింజను అంచు మీద నిలబెట్టి, ఒక్క దెబ్బ వేసేవాడు. పెంకు రెండుగా విడిపోయి పప్పు చుట్టిన కాగితంలా నిలువునా బయటికొచ్చేది. వేలి గోరంత లావు, అంతే. దానికోసం సందులోని పిల్లలంతా వరస కట్టేవారు.

పై అంతస్తులో ఒక అత్త ఉంది. చుట్టం కాదు, పెద్ద గొంతు. చీపురు పట్టినప్పుడల్లా కిందికి వినబడేలా అనేది:

"ఏం మేస్త్రీ మామా, నీ చెట్టు రాలుస్తది, మేం ఊడుస్తం. జీతమిస్తదా ఏంది?"

"బాదంపప్పు తినేటప్పుడు ఎవరి చెట్టే?"

"తినేటప్పుడు మాదే. కచ్రా ఎత్తేటప్పుడు నీది."

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా గాలివానకు ఒక పెద్ద కొమ్మ విరిగింది. విరిగిన చోటి నుంచి మొదటి దాకా మాను చీలి, రెండు మూడేళ్ళలో లోతైన తొర్ర అయింది. అందులో నీళ్ళు నిలిచి దోమలు పుట్టాయి. దోమల మందు కొట్టడానికి వచ్చిన మునిసిపాలిటీ వాళ్ళు, ఇది మూయకపోతే చెట్టు కొట్టించేస్తామని బెదిరించారు. మూయడం అంటే మా ఇంట్లో ఒకటే అర్థం. తాత ఇటుక ముక్కలు లోపల కూరి, చిక్కటి సిమెంటు నింపి, నున్నగా పూత పూసి, గోనెసంచులు కప్పి ఏడు రోజులు నీళ్ళు పట్టాడు. గోడకు ఎలా పట్టాలో అలాగే. మిగిలిన సిమెంటు మాలుతో చెట్టు చుట్టూ కట్ట కట్టాడు. మానుకూ కట్టకూ మధ్య అరచేతి వెడల్పు కూడా వదల్లేదు, సందు ఉంటే ఎలుకలు చేరతాయని. అందరూ వచ్చి చూసి మెచ్చుకున్నారు. తాత చేతులు వణకడం మొదలవకముందు చేసిన చివరి పని అది. తర్వాత రోజూ మధ్యాహ్నం అక్కడే కూర్చునేవాడు.

అందుకే సూది దిగిన రోజు నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే చెట్టు పోతుందనుకున్నాను. చెట్టుకన్నా ముందు ఆయన చేతి పని తప్పని తేలుతుంది. ఆ మాట నా నోటితో ఆయనకు ఎలా చెప్పను? ఇంకో కారణం కూడా ఉంది, అది తక్కువది కాదు. నాకు గట్టిగా మాట్లాడాలంటే గొంతు పూడుకుపోతుంది. దుకాణంలో యజమాని పిలిచినా తలతోనే జవాబిస్తాను.

ఆ వానలన్నీ గాలి ఎప్పుడు లేస్తుందా అని వింటూ గడిపాను. తాతను ఆ చోటి నుంచి లేపడానికి నాకు చేతనైన దొంగ పనులన్నీ చేశాను. ఆయన చాప తడిపేశాను. కళ్ళజోడు దాచి, పైన గదుల ముందు గేలరీలో కూర్చుంటే వెతికి ఇస్తానన్నాను. గేలరీలో దోమలు లేవని, కింద ఉన్నాయని చెప్పాను. తాత నవ్వేవాడు.

"దోమలు నీ మాట ఇంటయా బిడ్డా? గేలరీల కూసుంటె నాకు మనుషులు కనబడరు."

తిరిగి అక్కడే కూర్చునేవాడు. పనిలో ఉన్నప్పుడు బయట గాలి విసిరితే నా చేతిలో దారం తప్పేది. ఎవరైనా పరిగెత్తుకుంటూ దుకాణం వైపు వస్తే నాకోసమే అనుకునేదాన్ని.

ఆ ఏడు ఏమీ కాలేదు. చలికాలం వచ్చింది, ఆకులు ఎర్రబడ్డాయి, కొత్త చిగుళ్ళు వచ్చాయి. కాయలు ఎన్నడూ లేనన్ని కాశాయి. లోపల కుళ్ళిన చెట్టు ఇంత కాస్తుందా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఏదో పుస్తకంలో, పోయే ముందు కొన్ని చెట్లు విపరీతంగా కాస్తాయని చదివి, ఆ పేజీ మళ్ళీ తెరవలేదు.

మళ్ళీ వానలు మొదలయ్యాయి. ఈసారి మట్టి అద్దిన చోట పుట్టగొడుగులు రెండు వరసలు లేచాయి. అప్పుడు తాత పనిముట్ల సంచిలోంచి దారానికి కట్టిన ఇనుప గుండు తీశాను. గోడ నిటారుగా ఉందో లేదో చూసే గుండు అది. తెల్లవారి అందరూ నల్లా దగ్గరికి రాకముందే మొదటి అంతస్తు గేలరీ కమ్మీ నుంచి దాన్ని కిందికి వదిలేదాన్ని. కిందికి దిగి, అది ఊగడం ఆగాక, దారానికీ మానుకూ మధ్య సందు వేళ్ళతో కొలిచేదాన్ని. చూసి మళ్ళీ తీసేసేదాన్ని. డైరీలో మొదటి వారం "నాలుగు వేళ్ళు" అని ఉంది. తర్వాత "నాలుగు, కాస్త తక్కువ". తర్వాత "మూడు". నా వేళ్ళే లావయ్యాయేమో అనుకున్నాను. శ్రావణంలో ఒక రోజు "రెండు" అని రాశాను. చెట్టు మా చాల్ వైపే, తాత కూర్చునే వైపే వాలుతోంది.

ఆ "రెండు" చూసిన రోజే, గుండు లోపలికి తీయడం మరిచిపోయాను. కిందికి దిగిన తాత ముఖం ముందు అది ఊగింది.

"ఇది ఎవరు కట్టిండ్రు?"

నేను మెట్ల దగ్గర నిలబడిపోయాను. "నేనే తాతా."

"ఎందుకు?"

తాత నా ముఖం చూశాడు, దారం చూశాడు. గొడుగు నేల మీద పెట్టి, ఎడమ కన్ను మూసి, దారం వెంట పై నుంచి కిందికి చూశాడు. తర్వాత గొడుగు పిడితో మానును తట్టాడు. ఒకచోట గట్టిగా పలికింది. జానెడు పక్కన మళ్ళీ తట్టాడు. సిమెంటు అంచు పైన తట్టినప్పుడు ఖాళీ డబ్బాను తట్టినట్టు పలికింది. అదే చోట మూడుసార్లు తట్టాడు.

"ఎన్నొద్దులైంది నీకు ఎరుకై?"

"ఈ వానలకే తాతా," అన్నాను.

ఆయన నన్ను కోప్పడలేదు. "అర్జీ రాయి," అన్నాడు. "మరాఠీల రాయి. నోటితోని చెప్పరాకుంటె రాసన్న చెప్పు."

రాశాను. నాన్న మునిసిపాలిటీ ఆఫీసుకు పట్టుకెళ్ళి ఇచ్చాడు. మనుషులొస్తారు, మూడు రోజులు పడుతుందన్నారు.

ఆ మూడు రోజుల్లో మొదటి గంటలోనే తాత చెట్టు చుట్టూ తాడు కట్టి, గల్లీ మొదట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇన్నాళ్ళకు ఆయన చెట్టు కింద లేడని నేను ఊపిరి పీల్చుకోబోయాను. కానీ నల్లా తాడుకు లోపలివైపు ఉంది.

పై అత్త బిందెతో వచ్చింది. "మామా, ఏందిది, బార్డరా? నీళ్ళు మేం తాగాల్నా, నీ చెట్టు తాగాల్నా?"

"బిందె ఇటియ్యి. నేను తెచ్చిస్త."

"నీకేమన్నయితె?"

"నేను పూసిన సిమెంటు. మీరెందుకు పోవాలె? ఇటియ్యి."

అత్త అప్పుడు నవ్వలేదు. బిందె ఇచ్చింది. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. పద్దెనిమిది ఇళ్ళు. నాన్న ఆపబోతే తాత ఆయన చేయి తోసేశాడు. వణికే చేతులతో ఒక్కొక్క బిందె పట్టుకుని తాడు దాటి లోపలికి వెళ్ళడం, నింపడం, మోసుకురావడం. నేను దుకాణానికి పోకుండా మెట్ల మీద కూర్చున్నాను. ఆయన లోపలికి వెళ్ళినప్పుడు ఊపిరి బిగబట్టి, బయటికి వచ్చాక వదిలేదాన్ని. నల్లా సన్నగా వస్తుంది. ఒక బిందె నిండడానికి ఎంతసేపు పడుతుందో అంతవరకు నాకు తెలియదు.

రెండో రోజు సాయంత్రం గాలి లేచింది. తాత చివరి బిందె పెట్టి వంగి ఉన్నాడు. నాకు పైన ఒక చప్పుడు వినబడింది. కొత్త గుడ్డ చింపినప్పుడు మొదట వచ్చే చప్పుడు, చిన్నది. నల్లా శబ్దంలో తాతకు వినబడలేదని నాకు తెలుసు. నేను లేచి నిలబడ్డాను. నోరు తెరిచాను. తాతా అనాలి, అంతే, రెండక్షరాలు. గొంతులో ఏమీ లేదు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. చేతులు ముందుకు చాపి ఉన్నాను.

తాత బిందె నిండిందేమో చూసి, ఎత్తుకుని, ఇటు తిరిగాడు. నన్ను చూశాడు. నా నోరు చూశాడు. నీళ్ళు ఒలుకుతుంటే రెండు పెద్ద అంగలు వేసి తాడు దాటాడు. వెనక కొమ్మ పడింది. నా నడుమంత లావుంటుంది. కట్ట మీద, ఆయన రోజూ కూర్చునే చోట పడి, అంచు పగలగొట్టి, ఆకులతో నల్లాను కప్పేసింది. పై నుంచి అందరూ అరుస్తూ బయటికొచ్చారు. అంతమంది అరుపుల్లో నా గొంతు అప్పుడు వచ్చింది, ఎవరికీ అక్కర్లేనప్పుడు.

తాత బిందె అత్తకు అందించాడు.

మూడో రోజు చెట్ల మనుషులు వచ్చారు. తాళ్ళు కట్టి, ఒక్కొక్క కొమ్మనూ నెమ్మదిగా దించారు. సగం పైగా తీసేశారు. పచ్చి కాయలు దోసిళ్ళకొద్దీ రాలాయి, ఎవరూ ఏరలేదు. వాళ్ళలో పెద్దాయన సిమెంటు మీద చెయ్యి వేసి చూసి, ఇది ఎవరు చేశారని హిందీలో అడిగాడు. తాత తన గుండె మీద వేలు పెట్టి చూపించాడు. ఆయన మర్యాదగానే చెప్పాడు: చెట్టు గాలికి ఊగుతుంది, సిమెంటు ఊగదు, అందుకని మధ్యలో సన్నటి సందు పడుతుంది, ఆ సందులో దిగిన నీళ్ళు మళ్ళీ బయటికి రాలేవు, లోపలే నిలిచి కుళ్ళబెడతాయి. తొర్రను తెరిచి వదిలేసి ఉంటే అదే ఆరిపోయేది. కట్ట కూడా తీసేయండి, వేరుకు గాలి కావాలి. మూడు వైపులా చెక్క ఇంకా గట్టిగా ఉంది, బరువు తగ్గించాం, వచ్చే వానల దాకా చూద్దాం. పడితే పడొచ్చు కూడా, అన్నాడు.

తాత తల ఊపాడు. ముప్పై ఏళ్ళు పరంజి ఎక్కిన మనిషి, ఒక కుర్రకూలీలా తల ఊపాడు.

మర్నాడు ఆయనే ఉలి, సుత్తి పట్టుకుని సిమెంటు కొట్టడం మొదలుపెట్టాడు. నాన్నను ముట్టుకోనివ్వలేదు. ప్రతి దెబ్బకూ మిగిలిన ఆకులు అదిరేవి. నేను రాలిన ముక్కలు ఎత్తుతూ పక్కనే ఉన్నాను, అదిరే ఆకుల్నే చూస్తూ. పెంకులు పెంకులుగా వచ్చింది. చివరికి ఒక పెద్ద ముద్ద, తొర్ర ఆకారంలోనే, ఒక్కటిగా ఊడివచ్చింది. లోపలి వైపు నల్లటి బురద, చీమలు, ఇటుక ముక్కల మధ్య చిక్కుకున్న తెల్లటి వేళ్ళు. చెట్టు లోలోపలే కిందికి వేళ్ళు పంపుకుంటూ వచ్చింది.

తాత ఆ వేళ్ళను వేలితో ముట్టుకున్నాడు. "బతకనీకె జూసింది," అన్నాడు. ఆయన ముందు నిజం చెప్పడానికి అదే సమయం. ఏడాది ముందే తెలుసు తాతా, మట్టి పూసి దాచాను తాతా. పైపైన పూస్తే నాల్రోజులే అని నేర్పిన మనిషి చెవిలో ఆ మాట వేయలేకపోయాను. ముక్కలు తట్టలో ఎత్తుకుని వెళ్ళిపోయాను.

ఇప్పుడు చెట్టు తల లేని మనిషిలా ఉంది, పక్కలకు మాత్రం గుత్తులు గుత్తులుగా చిగుళ్ళు పెట్టింది. తొర్ర తెరిచే ఉంది. కట్ట ఉన్న చోట మట్టి. బియ్యం నీళ్ళు మళ్ళీ నేనే పోస్తున్నాను. తాత గేలరీలోనే కూర్చుంటున్నాడు, మనుషులు కనబడకపోయినా. ఆయన కళ్ళకు పొర వచ్చింది, దారం కనబడదు. గుండు నా దగ్గరే ఉంది. ప్రతి ఉదయం ఆ కమ్మీ నుంచే వదులుతాను. చలికాలమంతా రెండు వేళ్ళు, ఎండాకాలమంతా రెండు వేళ్ళు.

నిన్న మొదటి జల్లు పడింది. ఈ ఉదయం దారం వదిలి కిందికి దిగాను. ఇద్దరు ఆడవాళ్ళు చెట్టు పక్కనే బిందెలు కడుగుతున్నారు. దారం ఊగడం ఆగే దాకా చూశాను. రెండు వేళ్ళే. అయినా ఒకటికి రెండుసార్లు పెట్టి చూశాను. పైకి వచ్చేసరికి తాత మెలకువగా ఉన్నాడు, అడుగుల చప్పుడుకి తల ఇటు తిప్పాడు.

"ఎంతుంది?"

"రెండే తాతా. నిన్నటి లెక్కనే."

"మంచిది." నా చేయి పట్టుకుని, గుండు నా చేతిలోనే ఉందో లేదో తడిమి చూసుకున్నాడు. "రోజూ చూడు బిడ్డా. సందు తగ్గిందంటె నాకు చెప్పనీకె పైకి రాకు. ఆడ్నే నిలబడి అందరికి ఇనబడేటట్టు ఒర్లు."